చర్ల పాటలో నేను కోసేసిన మాట

మా రేడియో స్టేషన్లో నన్ను ‘కుట్టు కనపడని దర్జీ’ అనేవారు. ఆ పేరంటే నాకు మహా ఇష్టంగా ఉండేది. ఎవరైనా మాట్లాడుతూ దగ్గినా, తడబడినా, చెప్పిందే మళ్లీ చెప్పినా ఆ ముక్క తీసేసి అటూ ఇటూ అతికించేవాణ్ణి. అతుకు ఎక్కడుందో మాట్లాడినవాళ్లకే తెలిసేది కాదు. “నేను ఇంత బాగా మాట్లాడిన్నా సార్?” అని వాళ్లే ఆశ్చర్యపోయేవారు. ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో నేను నిజంగా నేర్చుకున్న పని అదొక్కటే. నేను చేసిన అన్నిటికన్నా చెడ్డ పని కూడా దానితోనే చేశాను.

పోయిన నెల నలుగురు కాలేజీ పిల్లలు ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. జర్నలిజం చదువుతున్నారట. ఫోన్లోనే రికార్డు చేసి, ఫోన్లోనే ఎడిట్ చేసి, పాటల మీద డాక్యుమెంటరీలు చేస్తున్నారు. అందులో ఒకమ్మాయి, “సార్, మీ సిరీస్ విన్నాకనే మేం గీ పని మొదలుపెట్టినం. ముఖ్యంగా ఆ చర్ల ఎపిసోడ్. ఎన్నిసార్లు విన్ననో లెక్క లేదు” అంది. చేతిలో ఉన్న కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఏం చెప్తారు అని అడిగారు. రాసి ఇస్తానన్నాను. అయితే రాయడానికి ముందు నేను వెళ్లి రావలసిన చోటు ఒకటుంది. పదిహేనేళ్లుగా వెళ్లకుండా తప్పించుకున్న చోటు. వెళ్లి వచ్చాక ఇది రాస్తున్నాను.

ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఏ ఊరికి బదిలీ అయింది లాంటివి ఇందులో ఉండవు. వాటివల్ల మీకూ నాకూ ఒరిగేది ఏమీ లేదు.

ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడొద్దు

నాకు పని నేర్పింది మా మొదటి ఆఫీసరు. అందరూ ఆయన్ని పంతులు గారనేవారు. కోపిష్టి మనిషి. అప్పట్లో టేపును బ్లేడుతో కోసి, పట్టీ వేసి అతికించేవాళ్లం. నేను వంకరగా కోస్తే బ్లేడు లాక్కుని, “గడ్డం గీసుకోడానికి కూడా పనికిరావు” అనేవాడు.

ఆయన నేర్పిన వాటిల్లో ఒకటి మీరు తప్పకుండా పాటించాలి. ఎవరిదైనా మాట రికార్డు చేశాక వెంటనే మైకు ఎత్తేయకూడదు. అందరినీ నోరు మూసుకోమని, ఒక నిమిషంపాటు ఆ చోటి ఉత్త చప్పుడు రికార్డు చేసుకోవాలి. ఏ చోటి చప్పుడు దానిదే. అశ్వారావుపేటలో పామాయిల్ మిల్లు ఆవరణలో పని ఆగినప్పుడు కూడా నేలలోంచి ఒక గుర్రుమనే మోత వస్తుంటుంది. మధిర వైపు మిరప కల్లాల్లో ఎండు కాయలు గాలికి గలగలమంటాయి. తర్వాత ఎడిటింగులో మాట కోసినచోట గొయ్యిలాంటి ఖాళీ వస్తుంది. ఆ నిమిషంలోంచి కొంచెం తీసి అక్కడ పెడితే గొయ్యి పూడిపోతుంది. వినేవాడికి అనుమానం రాదు.

దీంతో పాటు పంతులు గారు ఇంకో మాట కూడా చెప్పారు. “తీసేసింది దగ్గయితే ఇది వాడుకో. తీసేసింది మాటయితే ముందు ఆ మనిషికి వినిపించు. సరేనంటేనే వెయ్యి.” మొదటి సగం నేర్చుకున్నాను. రెండో సగం పెద్దాయన చాదస్తం అనుకున్నాను.

కొన్నాళ్లకు నాకొక హెచ్చరిక కూడా వచ్చింది. అశ్వారావుపేటలో పామాయిల్ గెలలు కోసే కూలీ ఒకతను పాటలు బాగా పాడేవాడు. మాట మాత్రం నత్తి. నేను కష్టపడి నత్తి మొత్తం తీసేసి కార్యక్రమం వేశాను. తర్వాత కలిసినప్పుడు అతను సంతోషంగానే ఉన్నాడు. వాళ్లమ్మ మాత్రం, “గది మావోని గొంతే గని మావోడు గాదు సారు” అంది. నేను పడీ పడీ నవ్వాను. ఆఫీసులో అందరికీ చెప్పి నవ్వించాను. ఆమె నాకేం చెప్పిందో అప్పుడు ఆలోచించలేదు.

పదమూడు వారాలు

నేను ఉద్యోగంలో కాస్త పెద్దవాణ్ణయ్యాక, పంతులు గారు లేని కాలంలో, ‘నోటి మీది పాట’ అని పదమూడు వారాల సిరీస్ తయారుచేశాను. మా జిల్లా జనం నోట ఆడే పాటలు ఎక్కడినుంచి వచ్చాయన్నది విషయం. జాతరల్లో డబ్బులిచ్చి వినే గ్రామఫోను, నాటకాల హార్మోనియం, టూరింగు టాకీసులో ఆట మొదలయ్యే ముందు వేసే రికార్డు, పెళ్లిళ్ల బ్యాండ్ మేళం, క్యాసెట్లు, చివరికి డీజే డబ్బాలు. గురువారం సాయంత్రం వచ్చేది. టీ హోటళ్లలో జనం ఆగి వినేవారు. పోస్టు కార్డులు సంచుల్లో వచ్చేవి. నాకు నేల మీద కాలు ఆనేది కాదు.

పదకొండో ఎపిసోడ్ ‘గుర్రం పాట’ గురించి. మా వైపు పెళ్లి ఊరేగింపుల్లో ఎప్పటినుంచో మోగే వరస అది. ఆ వరసకు పెళ్లికొడుకు ఎక్కిన గుర్రం కూడా కాలు కదుపుతుందని ఆ పేరు. ముందు బ్యాండ్లు వాయించాయి. తర్వాత ఎవరో మాటలు తగిలించి క్యాసెట్ వేశారు. బస్టాండుల్లో, ట్రాక్టర్ల మీద, కిరాణా కొట్లలో అదే పాట. క్యాసెట్ అట్ట మీద ‘జానపదం’ అని మాత్రమే ఉంది. అలా రాసుకుంటే ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

చర్ల అవతల ఒక ఊళ్లో ఇదే వరసను కోయ భాషలో పాడతారని నాకెవరో చెప్పారు. అంతే, కథ మొత్తం నా కళ్లకు కట్టేసింది. అడవిలో పుట్టిన పాట పట్నానికి దిగి వచ్చిందన్నమాట. ఊరికి పోకముందే, మనిషిని చూడకముందే, ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని వ్యాఖ్యానం రాసేశాను. “ఈ పాటను ఎవరూ కట్టలేదు. అడవే కట్టింది. ఇందులో ఉన్నది తరతరాల అడవి వేదన.” ఈ మూడు వాక్యాలూ తర్వాత చాలామందికి నోటికి వచ్చేశాయి. మొన్న వచ్చిన పిల్లలు కూడా అప్పజెప్పారు. నాకప్పుడు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

మీరు ముందే రాసుకుని పోకండి. పోయినా, అక్కడ విన్నదానికి సరిపోకపోతే చించేయండి. నేను చించలేదు.

ముత్తమ్మ వాకిట్లో

చర్ల దాకా బస్సు. అక్కడ పోలీసు క్యాంపు దగ్గర నా సంచి విప్పించి, రికార్డర్ ఏమిటి, వైర్లు ఏమిటి అని గంటసేపు అడిగారు. అక్కడినుంచి సోమయ్య గారు మోటారు సైకిలు మీద తీసుకుపోయారు. ఆయన ఆ ఊరివాడే, కోయవాడు, బడి పంతులు. పాట పాడేది ఆయన అక్క ముత్తమ్మ.

వాకిలంతా ఇప్పపువ్వు ఆరబోసి ఉంది. ముత్తమ్మకు అప్పుడు నలభై దాటి ఉంటాయి. మైకు చూసి బెదరలేదు. చేతులు కడుక్కుని వచ్చి కూర్చుని పాడింది. గొంతు గట్టిది. నేను వెతుకుతున్న వరస అదే, అనుమానం లేదు. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు పాటంతా నవ్వుతూనే ఉన్నారు. చివరికి ఆమె కూడా నవ్వేసింది. ఎందుకు నవ్వుతున్నారని నేను అడగలేదు. పాటకు అర్థం కూడా అడగలేదు. వేదన అని రాసుకుని వచ్చానుగా.

పాట అయ్యాక ఆమె తనంతట తనే చెప్పింది. “ఈ రాగం మాది గాదు సారు. ఖమ్మం బ్యాండు ఖాసిం సాబుది. మా తమ్ముని పెండ్లికి వాయించనీకి వచ్చిండు. శ్రావణమాసం. తాలిపేరు వాగు పొంగింది. నాలుగొద్దులు ఆరుగురు మా ఇంట్లనే ఉన్నరు. గప్పుడు ఆయన రాగానికి నేను మాటలు గట్టిన.”

నేను గతుక్కుమన్నాను. “అది సరే గానమ్మా, మీ పెద్దవాళ్ల కాలం నుంచి పాడే పాట ఏదీ లేదా?” అన్నాను.

“ఎందుకు లేదు? విత్తనాల పండుగ పాట ఉన్నది. అది మా అమ్మమ్మ నేర్పింది. నా సిన్నప్పటి సంది పాడుతున్న. పెద్ద పాట. పాడుత, పెట్టుకో” అంటూ ఆమె సర్దుకుని కూర్చుంది.

నేను గడియారం చూసుకున్నాను. చర్లలో బస్సు దొరకదేమో అని భయం. “ఇంకోసారి వస్తానమ్మా. ఇవాళ్టికి ఇది చాలు” అన్నాను. ఆ ఇంకోసారి రాలేదు. నేను పోలేదు.

తర్వాత అలవాటుగా ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడొద్దని చెప్పాను. అందరూ ఆగిపోయారు. కోళ్లు కెలుకుతున్న చప్పుడు, ఎండిన ఆకుల చప్పుడు, దూరంగా ఎక్కడో గొడ్డలి దెబ్బ. ముత్తమ్మ ఆ నిమిషమంతా నోటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది. అంత శ్రద్ధగా నాకు ఆ నిమిషం ఇచ్చినవాళ్లు ఎవరూ లేరు.

బండి ఎక్కేటప్పుడు సోమయ్య గారు అడిగారు. “సార్, అక్క ఖాసిం సాబు పేరు చెప్పింది గదా, రేడియోల వస్తదా? ఫోన్ చేసి ఆయనకు చెప్తా. మస్తు ఖుషీ అయితడు.”

“తప్పకుండా వస్తుంది. చెప్పండి” అన్నాను.

అతుకు

ప్రసారానికి ఒకరోజు ముందు స్టూడియోలో కూర్చున్నాను. అప్పటికి బ్లేడు పోయి కంప్యూటర్ వచ్చింది. పని ఇంకా సులువు. నా వ్యాఖ్యానం ఒకటి చెప్తోంది, ముత్తమ్మ ఇంకొకటి చెప్తోంది. రెండూ ఒకే ఎపిసోడ్లో ఇమడవు. వ్యాఖ్యానం తిరిగి రాయాలంటే ఆ రాత్రంతా పడుతుంది. అదేమంత పెద్ద కష్టం కాదు. కానీ రాస్తే ఏమవుతుంది? అడవి పోయి బ్యాండ్ మేళం మిగులుతుంది. బ్యాండ్ మేళం ఎపిసోడ్ అంతకుముందే అయిపోయింది, జనం పెద్దగా మెచ్చుకోలేదు కూడా. నాకు అడవే కావాలి.

ఖాసిం సాబు పేరున్న వాక్యాలు మొత్తం కోసేశాను. ఆడవాళ్ల నవ్వు కోసేశాను. అక్కడితో ఆగినా కొంత నయం. విత్తనాల పాట గురించి ఆమె అన్న “అది మా అమ్మమ్మ నేర్పింది. నా సిన్నప్పటి సంది పాడుతున్న” అనే ముక్క తీసుకొచ్చి గుర్రం పాట చివర అతికించాను. మధ్యలో ఖాళీ వచ్చింది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఇచ్చిన నిమిషంలోంచి కొంచెం తీసి ఆ ఖాళీ పూడ్చాను. విన్నాను. అద్భుతంగా ఉంది. నలభై నిమిషాల పని.

ముందు ఆ మనిషికి వినిపించమన్న మా పంతులు గారి మాట గుర్తు రాలేదని అంటే అబద్ధం. సోమయ్య గారి ఫోన్ నంబరు నా ఎదురుగా కాగితం మీద ఉంది. కాగితం తిరగేసి పెట్టాను.

రెండు ఉత్తరాలు

పదకొండో ఎపిసోడ్‌కు వచ్చినంత పేరు నాకు ఇంక దేనికీ రాలేదు. వారం తిరక్కముందే సోమయ్య గారి ఉత్తరం వచ్చింది. గుండ్రటి బడి పంతులు దస్తూరీ. “సార్, అక్క చెప్పింది రాలేదు. చెప్పనిది వచ్చింది. మా ఇంట్లో రేడియో లేదు, చర్లలో విన్నవాళ్లు చెప్పారు. అక్క నమ్మడం లేదు, సారు అట్లా చేయడు అంటోంది. ఖాసిం సాబుకు ఫోన్ చేస్తే లేడంటున్నారు. వచ్చే వారం సరిచేయగలరు.”

సిరీస్ చివర శ్రోతల ఉత్తరాలు చదివే అయిదు నిమిషాలు నా చేతిలోనే ఉన్నాయి. మూడు వాక్యాల సవరణ రాసుకుని డైరెక్టరు గారి గదికి వెళ్లాను. “ఆ ఎపిసోడ్ పోటీకి పంపాం కదయ్యా. తప్పు చేశామని మనమే చాటింపు వేసుకుంటామా? తర్వాత చూద్దాంలే” అన్నారాయన. తర్వాత ఎవరూ చూడలేదు. దానికి బహుమతి వచ్చింది. శాలువా కప్పించుకున్నాను. ఫోటో మొన్నటిదాకా మా హాల్లో ఉండేది, పోయిన నెలే తీయించాను.

చాలా ఏళ్లు ఆ తప్పు డైరెక్టరు గారి మీద వేసి బతికాను. ఆయన ఒప్పుకోలేదు, నేనేం చేస్తాను అని. నిజం చెప్పాలంటే, ఆయన వద్దంటారని తెలిసే ఆ గదికి వెళ్లాను. వద్దనగానే నాకు హాయిగా అనిపించింది. పై అధికారి అడ్డుపడ్డాడని ఎవరైనా మీకు చెప్తే, అడ్డుపడినందుకు లోపల సంతోషించావా అని అడగండి.

కొన్ని నెలలకు రెండో ఉత్తరం వచ్చింది. పొడుగు కవరు. దస్తూరీ గుర్తుపట్టాను. మళ్లీ అదే గొడవ రాసి ఉంటాడనుకుని, విప్పకుండా సొరుగు అడుగున పెట్టేశాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ సొరుగు అడుగు దాకా తియ్యలేదు.

రిటైరయిన రోజు టేబుల్ ఖాళీ చేస్తుంటే చేతికి తగిలింది. విప్పాను. ముత్తమ్మ కూతురి పెళ్లి శుభలేఖ. వెనకవైపు నాలుగు లైన్లు. “సార్, ఖాసిం సాబు మా పెళ్లికి రానంటున్నాడు. మా మీద కోపం పెట్టుకున్నాడు. అక్క రెండు పూటలు అన్నం తినలేదు. అక్క ఏం చెప్పిందో మీరొక్కరే చెప్పగలరు. మీరు ఒక్క మాట చెబితే నమ్ముతాడు. దయచేసి చెప్పండి.”

పెళ్లయిపోయి పదేళ్లు దాటింది. ఆ పెళ్లికూతురికి అప్పటికే పిల్లలు పుట్టి ఉంటారు. ఖాసిం సాబు దుకాణం ఖమ్మంలోనే, ఖిల్లా కింద గల్లీలో ఉంది. మా ఇంటినుంచి షేర్ ఆటోలో ఎంతసేపు? అయినా నేను పోలేదు. ఇంకో నాలుగేళ్లు పోలేదు. పిరికితనానికి ఇంకో పేరేదీ లేదు.

ఖిల్లా కింద గల్లీ

ఆ పిల్లలు వచ్చి వెళ్లిన మూడో రోజు పొద్దున్నే బయల్దేరాను. పూర్తి రికార్డింగు ఇంట్లో ఒక సీడీలో దాచి ఉంచాను. ఎందుకు దాచానో నాకే తెలియదు. దాన్ని ఫోన్లోకి ఎక్కించుకున్నాను.

దుకాణం ఇప్పుడు డీజే డబ్బాలు కిరాయికిచ్చేది. కొడుకు నడుపుతున్నాడు. ఖాసిం సాబు బయట కుర్చీలో కూర్చుని ఉన్నాడు. డెబ్బై అయిదు పైనే ఉంటాయి. పై పళ్లు లేవు. గోడకు ప్లాస్టిక్ కవర్లో ఒక ఎర్ర కోటు, దాని పక్కన క్లారినెట్ పెట్టె. పళ్లు పోయాక క్లారినెట్ వాయించడం కుదరదు.

నా పేరు చెప్పాను. ఆయన ముందుకు వంగి అడిగాడు. “అడవే గట్టింది అన్నది నువ్వేనా సార్?”

“నేనే.”

“కూసో” అని కొడుకును పిలిచి చాయ్ చెప్పించాడు. ఆ మర్యాద నేను తట్టుకోలేకపోయాను.

ఆ గురువారం ఏం జరిగిందో ఆయనే చెప్పాడు. “సోమయ్య సారు ఫోన్ చేసిండు, అక్క నీ పేరు చెప్పింది, రేడియోల వస్తది అని. దుకాణం బంద్ పెట్టిన. జిలేబి తెప్పిచ్చి గల్లీ గల్లీ అంతా పంచిన, వినకముందే. మా బ్యాండోళ్లు, మా తమ్ములు, అందరం గీడనే కూసున్నం. ముత్తమ్మ పాడింది. ఇగ వస్తది, ఇగ వస్తది అని సూస్తున్న. ‘అది మా అమ్మమ్మ నేర్పింది’ అన్నది. ఆమె నోటితోనే అన్నది సార్. ఒక్కడు నా దిక్కు సూడలే. అందరు రేడియో దిక్కే సూసిండ్రు.”

నేను తల దించుకున్నాను.

“గుర్రం పటాకులకు బెదిరి పెండ్లికొడుకును కింద పడేస్తున్నదని, దాన్ని మెల్లగ నడిపియ్యనీకి నేను గట్టిన రాగం అది. క్యాసెట్టోళ్లు ఎత్కపోయిండ్రు. పోతే పోనీ అనుకున్న. ఆళ్లు నాకేమైతరు? ఈమె చేతి అన్నం నాలుగొద్దులు తిన్న. గీ మనిషి గిట్లంటదా అని నాకు మస్తు బాధయింది. బిడ్డ పెండ్లికి పిలిచింది, పోలే. ఫోన్ చేస్తే లేడని చెప్పిచ్చిన. ఆ దిక్కు ఊర్లకు మళ్ల వాయించనీకే పోలే.”

ఫోన్ తీసి, రికార్డింగు పెట్టి, ఆయన చెవి దగ్గర పెట్టాను. పాట మొదలవగానే ఆయన వేళ్లు కుర్చీ చేతి మీద కదిలాయి. మధ్యలో ఒక్కసారిగా నవ్వాడు. నేను కోసేసిన ఆడవాళ్ల నవ్వు వచ్చినచోటే ఆయనా నవ్వాడు.

“ఏంది ఇందులో?” అని అడిగాను. పదిహేనేళ్ల కిందట ఆ వాకిట్లో అడగాల్సిన ప్రశ్న.

“మమ్ముల్ని ఎగతాళి చేసుడు సార్ ఇది. ఎర్ర కోటోడా, నీ కోటు ఆరకపాయె, వాగు తగ్గకపాయె, మా కోళ్లన్ని అయిపాయె, ఇంక ఎప్పుడు పోతవ్ అని. నాకు అప్పుడే అర్థం చెప్పింది. దీన్ని నువ్వు ఏందో వేదన అన్నవ్.”

పాట అయిపోయింది. “ఈ రాగం మాది గాదు సారు. ఖమ్మం బ్యాండు ఖాసిం సాబుది” అని ముత్తమ్మ గొంతు వచ్చింది. ఆయన కదలలేదు. మళ్లీ పెట్టమన్నాడు. పెట్టాను. ఇంకోసారి అన్నాడు. మూడోసారి విన్నాక లుంగీ కొసతో కళ్లు తుడుచుకున్నాడు.

“చెప్పింది సార్ ఆమె” అన్నాడు. “అన్నీ చెప్పింది. నేనే ఆమెను దొంగను చేసిన.”

“చేసింది మీరు కాదు, నేను. మీకు క్షమాపణ చెప్పుకోడానికే వచ్చాను. మీరు ఊఁ అంటే రేడియోలో మీ పేరు చెప్పిస్తాను, నా తప్పు నేనే చదువుతాను” అన్నాను.

“నా పేరుదేమున్నది? రేడియో ఎవరు వింటున్నరు ఇప్పుడు? నేను ఇది విన్ననని ఆమెకు తెల్వాలె. జల్దీ తెల్వాలె.” కొడుకును పిలిచి కారు ఎప్పుడు ఖాళీ అని అడిగాడు. చర్ల పోవాలన్నాడు.

“నేను కూడా వస్తాను” అన్నాను.

“వద్దు సార్” అన్నాడు, కోపం లేకుండానే. “నువ్వుంటే మా ఇద్దరి నడుమ మాట్లాడేది నువ్వే అయితవ్. గది మా వాని ఫోన్ల ఎక్కియ్యి, సాలు.”

ఎక్కించి ఇచ్చి, షేర్ ఆటోలో ఇంటికి వచ్చాను.

పిల్లలకు

మీ ఫోన్లలో తిరుగుతున్న ఆ ఎపిసోడ్ కింద ఈ నాలుగు మాటలు పెట్టండి. స్టేషన్‌కు కూడా ఇవే రాసి పంపాను. ‘గుర్రం పాట రాగం ఖమ్మం బ్యాండ్ మాస్టరు ఖాసిం సాబుది. కోయ మాటలు చర్ల దగ్గరి ముత్తమ్మవి. ఆమె ఆ రోజు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. దాన్ని కోసి, వేరే పాట గురించి చెప్పిన మాటను అక్కడ అతికించినవాణ్ణి నేను.’

ఇంకో సంగతి. విత్తనాల పండుగ పాట నా దగ్గర లేదు. ఆమె పాడతానంది, నేను వద్దన్నాను. ఎవరూ నన్ను దానికోసం అడగకండి.

మొన్న ఆదివారం సోమయ్య గారికి ఫోన్ చేశాను. నంబరు అదే ఉంది. ఆయన కూడా రిటైరయ్యారు. నా పేరు చెప్పాను. “ఖాసిం సాబు వచ్చిండు సార్. రెండు రోజులు ఉన్నడు. నిన్ననే పోయిండు” అన్నారు.

“ఏం మాట్లాడుకున్నారు?” నోరు జారి అడిగేశాను. పాత అలవాటు.

“అది ఆళ్ల ముచ్చట సార్.”

“అక్క ఉన్నారా? ఒక్క మాట చెప్పుకోవాలి. రికార్డర్ లేదు, ఏమీ లేదు. రమ్మంటే వస్తాను.”

“ఉండండి, అడుగుత” అని ఆయన ఫోన్ ఎక్కడో పెట్టినట్టున్నారు. అడుగుల చప్పుడు దూరమైంది. కోళ్లు కెలుకుతున్న చప్పుడు వినపడింది. ఎండుటాకులు. ఆ వాకిలి చప్పుడు నేను ఎక్కడ విన్నా గుర్తుపడతాను. కుట్టు కనపడకుండా వాడుకున్నది కదా. ఒక నిమిషం పైనే అయి ఉంటుంది.

ఆయన తిరిగి వచ్చారు. “అక్క ఇప్పుడేం మాట్లాడదట సార్” అన్నారు.

సరేనన్నాను. ఆయన ఫోన్ పెట్టేయడం మర్చిపోయినట్టున్నారు. వాకిట్లో కోళ్లు వినపడుతూనే ఉన్నాయి. వాళ్లంతట వాళ్లు పెట్టేసేదాకా చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను.